గ్రంథం మోసిన చెరుకు వంతెన

సోమవారం, సా. 4.30
జయం! బోధన్‌లోని మా భజన మందిరానికి ఆరు ట్యాబ్లెట్లు వచ్చాయి! బడి వదిలాక పిల్లలు వాటిలో వంతెన గీసి, చెరుకు గడలతో కట్టాలి. పదో రోజున అది ఐదు కిలోలు మోయకపోతే ట్యాబ్లెట్లు వేరే ఊరికి పోతాయి. తెచ్చిన పరమేశ్వర్ సారు నాకు పెట్టింది ఒకటే షరతు: "కాశన్నా, తాళం తియ్యి, పిల్లల్ని సూసుకో. ప్రవచనం మాత్రం పెట్టకు."
ప్రతిజ్ఞ: పది రోజుల మౌనం. ఋషులు వేల ఏళ్లు ఉన్నారు. నాకు పదే!

మంగళవారం, 5.10
నలభై నిమిషాలు మౌనం! ఎనిమిదో తరగతి జ్యోతిరాణి తెర మీద వంతెన గీసి లారీ ఎక్కించింది. కూలింది. మళ్లీ గీసింది. శభాష్ అనలేదు. తల ఊపాను.

గురువారం
వానరులు సముద్రం మీద కట్టిన వారధి సంగతి చెప్పకుండా వంతెన ఎలా? రెండు నిమిషాలే అనుకున్నాను. గంటా పది. ఎవరూ ముట్టుకోక తెరలన్నీ నల్లబడ్డాయి. "చూశారా, ఇవి కూడా కళ్లు మూసుకుని వింటున్నాయి!" అన్నాను.
"వింటలేవు తాతా, పండుకున్నయ్," అంది జ్యోతిరాణి.
అది ప్రవచనం కాదు. ఉదాహరణ.

శనివారం
ప్రవచనాలు: 0. ఉదాహరణలు: 3. హెచ్చరికలు: 2. శాపం: 1 (ఛార్జర్ మరిచిన సాయికుమార్‌కు. వెనక్కి తీసుకున్నాను).
ఇంట్లో మా ఆవిడ లింగవ్వ: "చక్కెర ఫ్యాక్టరీ సైరన్ బందై ఏండ్లాయె. నీది ఎప్పుడు బందైతది?"

బుధవారం, పదో రోజు, 5.00
తూకపు రాయి దొరకలేదు. నేను ప్రవచనాలు చెప్పే లావుపాటి గ్రంథాన్నే కాంటా మీద పెట్టాం. ఐదు కిలోల ఇరవై గ్రాములు. దైవలీల! వంతెన మీదికి ఎక్కించాం. నిలిచింది! ట్యాబ్లెట్లు మాకేనని సంతకం పెట్టడానికి సారు పెన్ను తీశాడు.
ఎదురుగా గ్రంథం. చుట్టూ జనం. "ధర్మమే వంతెన!" అంటూ అలవాటు కొద్దీ గ్రంథం మీద గుద్దాను.
ఫెళ్!

5.20
చెరుకు నాసిరకం అన్నాను. జ్యోతిరాణి ట్యాబ్లెట్‌లో తీసిన వీడియోను మెల్లగా నడిపించింది. గ్రంథం నిలిచే ఉంది. పై నుంచి నా పిడికిలి దిగుతోంది.
"పుస్తకాన్ని మోసింది తాతా. నిన్ను మొయ్యలే."
సారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఇంకో పది రోజులిస్త. గీసారి చెయ్యి సుత కట్టేసుకో."

గురువారం, సా. 4.30
కొత్త ప్రతిజ్ఞ: పది రోజుల మౌనం. కుడి చేతికి తువ్వాల.

4.40
జ్యోతిరాణి కొత్త వంతెన గీస్తోంది, నా గుద్దుకూ ఆగేలా. కాంటా తెచ్చి ముందు పెట్టింది. "నీ గుద్దు ఎన్ని కిలోలో తెలవాలె. గుద్దు తాతా!"
తువ్వాల విప్పాను. గుద్దాను. కిలోన్నర. ఊరికే గుద్దితే బలం ఎలా వస్తుంది? ముందు ధర్మం గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి.
ఇది ప్రవచనం కాదు. కొలత.