నాయన పెట్టిన ముద్దు

అన్నా,

ముఖమంతా ఉబ్బి ఊపిరాడకుండా పోయిన మా లోహిత్ ఇప్పుడు కళ్లు తెరిచాడు.

ల్యాబులో శెనక్కాయలోని ప్రోటీన్లను విడదీసి, ఒక్కొక్కదాన్నీ వాడి రక్తంతో పరీక్షించారు. వాటిలో ఒకదాన్ని బిడ్డ ఒళ్లు విషమనుకుంటోందట! మనం తిని పెరిగిన శెనక్కాయ, అన్నా!

"వీనికి ఒక్క గింజ కూడా పెట్టలేదు సార్" అన్నాను. తిన్నవాళ్లు ముద్దు పెట్టినా చాలన్నాడు డాక్టరు.

ఆరోజు పచ్చికాయలు నములుతూ చేలోంచి వచ్చి వాణ్ని ముద్దాడింది నాయనే. "ఎవురి కన్ను పడిందో యేమో, బిడ్డను బిరీన తోడుకొని రామ్మా" అని ఫోన్లో ఏడుస్తున్నాడు.

శెనక్కాయ పడదని ఆయనకు చెప్పు. ముద్దు సంగతి మాత్రం చెప్పకు. నేనే తెలియక గింజలు నూరి పెట్టానని చెప్పు. తిడితే నన్నే తిట్టనీ.

నీ చెల్లెలు