ఎటు రాలితే వాళ్లదే

ఏప్రిల్ 23, బుధవారం

ఈ నోట్‌బుక్ చర్చి వాళ్లది. కాశీబుగ్గ నుంచి వచ్చిన హేమలత అనే పిల్ల ఇచ్చింది. నర్సింగ్ చదువుతోందట. గున్నయ్య రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాడో నేను ఇందులో రాయాలట. కిడ్నీలు పోయి డయాలసిస్‌కి వెళ్లే మనిషి నీళ్లు కొలిచి తాగాలట. పక్కిల్లే కదేటి తాతా, నువ్వే రాయి అంది.

నేను రాయను. గున్నయ్య మా ఆవిడ పోలమ్మకి స్వయానా అన్న. కాదనను. కానీ ఆ మనిషితో నాకు ఏడేళ్లుగా మాటల్లేవు. అతని నీళ్లతో నాకేం పని?

పుస్తకం మాత్రం తిరిగి ఇవ్వలేదు. కాగితం బాగుంది. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు. ముప్ఫై ఏళ్లు దాటింది. ఇంకా చేతిలో ఉన్నాయో లేదో చూసుకుంటున్నాను. ఒత్తులు తప్పితే తప్పాయి. ఎవరు చూడొచ్చారు.

ఏప్రిల్ 25, శుక్రవారం

వేట నిషేధం. జూన్ పధ్నాలుగు దాకా పడవలన్నీ ఒడ్డునే. మగాళ్లందరూ ఇళ్ల దగ్గర దొరుకుతారని చర్చి వాళ్లు ఈ రోజులే ఎంచుకున్నారట. తెలివైనవాళ్లే.

మమ్మల్ని మీలో కలుపుకోడానికి వచ్చారా అని పాస్టరు బాబూరావుని మొహం మీదే అడిగాను. నీళ్లు మొయ్యడానికే మనుసులు సాల్లేదు మావా, ఇంక కలుపుకోడం కూడానా అన్నాడు. మనిషి పర్వాలేదు.

కిడ్నీ జబ్బు మనుషులున్న ఇళ్లకి వాళ్లు మంచినీళ్ల క్యాన్లు తెస్తున్నారు. వ్యాన్ తారు రోడ్డు మీదే ఆగిపోతుంది. అక్కడి నుంచి అర కిలోమీటరు ఇసుక. ఆ పిల్లలు క్యాన్‌ని చంటిబిడ్డలా ఎత్తుకుని నడుస్తున్నారు. పది అడుగులకి ఒకసారి కూలబడుతున్నారు. ముందు నవ్వొచ్చింది. తరవాత చూడలేకపోయాను. పాత నైలాన్ వల కోసి రెండు సంచులు అల్లాను. కావడికి అటొకటి ఇటొకటి వేలాడదీసి, రెండు క్యాన్లు ఒక్కసారే తీసుకెళ్లి దించాను. నన్ను ఎవరూ అడగలేదు. నేనే చూపించాను.

ఏప్రిల్ 26

పన్నెండు సంచులు అల్లాను. నడుము పట్టేసింది. చెప్పుకోలేదు.

మే 1, గురువారం

మెళ్లో కార్డు వేశారు. పైన వాలంటీర్ అని, కింద తవిటయ్య అని. అరవై ఎనిమిదేళ్లకి నా పేరు అచ్చులో చూసుకున్నాను. బర్రికి గంట కట్టినట్టున్నాదయ్యా అని పోలమ్మ ఒకటే నవ్వు. దానికేం తెలుసు.

పని మొదలెట్టే ముందు వాళ్లు వ్యాన్ చుట్టూ నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తారు. నేనూ నిలబడతాను. కళ్లు మూసుకోను. ఎవరో ఒకరు క్యాన్లు చూసుకోవాలి కదా.

మే 3, శనివారం

ఇంటింటికీ కాగితాలు అంటించాం. జబ్బు మనుషులు తినకూడనివి, తాగకూడనివి అట. బొమ్మలు కూడా ఉన్నాయి. ముప్ఫై ఎనిమిది ఇళ్లు. గంజి పెట్టి నేనే అంటించాను. గున్నయ్య గోడకి కూడా. అతను ఇంట్లో పడుకున్నాడు. తొంగి చూడలేదు.

అన్నీ చదివావా తాతా, అడిగితే సెప్పాల అంది హేమలత. చదివాను అన్నాను. అక్షరాలు మరీ చిన్నవి. రెండు వరసలు చదివేసరికి కళ్లల్లో నీళ్లొచ్చాయి. జబ్బు నాది కాదు కదా.

మే 5, సోమవారం

గున్నయ్య రెండు సార్లు డయాలసిస్‌కి వెళ్లలేదట. మంగళవారం, శుక్రవారం పలాస వెళ్లాలి. రోడ్డు దాకా ఇసుకలో నడవలేక పడిపోయాడు. ఇంక పోను, ఇక్కడే పోతాను అని కూర్చున్నాడట. అతని కొడుకు గుజరాత్‌లో, వెరావల్ పడవల మీద ఉన్నాడు. భార్య పోయి రెండేళ్లు. గంజి, కూడు మా పోలమ్మే పట్టుకెళ్తుంది. ఈ రోజు వెళ్లి ఏడుస్తూ వచ్చింది. నాతో ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇంకో రెండు సార్లు మానేత్తే మనిసి దక్కడు తాతా అంది హేమలత.

పెద్దవల ముక్క తీసి డోలీ కట్టాను. వెదురు బొంగుకి వేలాడుతుంది, మనిషి పడుకోవచ్చు. ముందు ఒకరు, వెనక ఒకరు. వెనక నేను మోస్తానన్నాను. మాట్లాడమని మాత్రం నన్ను అడగొద్దన్నాను.

మే 6, మంగళవారం

మోశాను. ఎండ్రకాయ బరువు కూడా లేడు. ఒకప్పుడు నాతో సమానంగా పెద్దవల తాడు లాగిన మనిషి.

ముందు మోసే చర్చి కుర్రాడికి నడక నేర్పాను. అతను కుడికాలు వేస్తే నేను ఎడమకాలు వెయ్యాలి. ఇద్దరం ఒకే కాలు వేస్తే డోలీ ఊగుతుంది, లోపలి మనిషికి కడుపులో తిప్పుతుంది.

మే 9, శుక్రవారం

ఎనకాల మోసేవోడెవలో గాని ఇసక దున్నుతున్నాడు, కాత్త మెల్లగా నడమనండి అని గున్నయ్య ఆకాశంతో చెప్పాడు. లోపలున్నోడిని నోరు మూసుకోమని చెప్పండి అని నేను సముద్రంతో చెప్పాను. ముందు మోసే కుర్రాడు నవ్వు ఆపుకోలేక డోలీ దించేశాడు.

మే 14, బుధవారం

మాటలు ఎందుకు పోయాయని హేమలత అడిగింది. చెట్టు చూపించాను.

మా అత్త నాటిన కొబ్బరి చెట్టు. రెండు ఇళ్లకీ మధ్య కంచె దగ్గర ఉంది. తిత్లీ తుపానుకి ఆ వరసలో పదకొండు చెట్లు పోయాయి. ఇదొక్కటే మిగిలింది. మొదలు నా వైపు. తుపాను వంచేసింది కాబట్టి తల అతని వైపు. కాయలు నావని నేను, తనవని అతను. అనరాని మాటలు అనుకున్నాం. అతనే ఎక్కువ అన్నాడు. పేట పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. చెట్టు ఎవరూ ఎక్కకూడదు, కాయ ఎటు రాలితే వాళ్లదే. వంగిన చెట్టు కాయ ఎటు రాలుతుంది? ఏడేళ్లలో నా వైపు పడ్డవి ఆరు. అందులో ఒకటి కుళ్లింది.

రాలేది ముదురు కాయే. లేత బొండం రాలదు. కాబట్టి ఆ చెట్టు బొండం ఏడేళ్లుగా ఎవరూ తాగలేదు. చాలా తియ్యగా ఉండేది.

ఇంతేనా తాతా అంది హేమలత. ఇంతే అన్నాను. పైకి చెబితే చిన్నదిగానే ఉంది.

మే 20, మంగళవారం

వచ్చేటప్పుడు డోలీలో నిద్రపోయాడు. ఎవరూ చెప్పకుండానే మెల్లగా నడిచాను.

మే 25, ఆదివారం

ఈ రోజే రోహిణి కార్తె వచ్చింది. ఇసుక మీద కాలు పెట్టలేం. చర్చి వాళ్లకి ఆదివారం, రాలేదు.

మధ్యాహ్నం కంచె పక్కన వల బాగు చేసుకుంటుంటే గున్నయ్య అరుగు మీద కనిపించాడు. తడిగుడ్డ పెదాలకి అద్దుకుంటున్నాడు. పక్కన ఖాళీ గ్లాసు. దాన్నే చూస్తున్నాడు.

పెళ్లయిన కొత్తలో ఒకసారి ఇద్దరం సముద్రం మీద దారి తప్పాం. రెండు రోజులు. నీళ్ల డబ్బా ఖాళీ. ఒక్క బొండం మిగిలింది. నా వంతు ముందే తాగీసినాను బావా, ఇది నీది అన్నాడు. తాగాను. అతను తాగలేదని ఒడ్డుకి వచ్చాక తెలిసింది. ఆ సంగతి ఏడేళ్లలో ఒక్కసారీ గుర్తు రాలేదు. ఈ రోజు వచ్చింది.

అతనికి నీళ్లు ఇవ్వకూడదని నాకు తెలుసు. బొండం నీళ్లు కాదు కదా. జ్వరమొస్తే బొండం. విరేచనాలైతే బొండం. నీరసానికి బొండం. మా ఉద్దానంలో పుట్టిన ఎవరిని అడిగినా చెబుతారు.

కాళ్లకి తాడు బందం వేసుకుని చెట్టెక్కాను. దిగవయ్యా, నడుం ఇరుగుతాది అని పోలమ్మ కింద తిడుతూనే ఉంది. రెండు లేత బొండాలు దింపాను. చెక్కి, కంచె మీంచి చెయ్యి చాపాను. తాగు బావా అన్నాను.

బొండం వైపు చూశాడు. నా వైపు చూశాడు. చాలాసేపు. తరవాత రెండు చేతులా పట్టుకుని తాగాడు. రెండోది ఇస్తే అదీ తాగాడు. గెడ్డం మీద కారింది కూడా చేత్తో తుడిచి నాకాడు.

పోలమ్మ మొహం చూడాలి. ముప్ఫై ఏళ్లు తగ్గిపోయింది.

మే 26, సోమవారం. ఉదయం 6

గంజి పట్టుకెళ్లిన పోలమ్మ కేక పెట్టింది. బావ కాళ్లు కదపలేకపోతున్నాడు. గ్లాసు పట్టుకోలేకపోతున్నాడు. గుండె ఎక్కడో దూరంగా కొట్టుకుంటోందంటున్నాడు. హేమలతకి ఫోన్ చేశాం. వ్యాన్ వస్తోంది. డోలీ దులుపుతున్నాను.

ఉదయం 11

పలాస ఆసుపత్రి. నోట్‌బుక్ సంచిలో ఉండిపోయింది. వరండాలో కూర్చుని రాస్తున్నాను.

ఏం తిన్నాడు, ఏం తాగాడు అని డాక్టరు అడిగింది. గంజే అన్నాడు బావ. ఇంకేటీ లేదా మావా, సరిగ్గా గుర్తు తెచ్చుకో అని పాస్టరు అడిగాడు. లేదు అన్నాడు. నా పేరు రాకుండా దాస్తున్నాడు. ఆ స్థితిలో కూడా.

నేను గోడ వైపు చూశాను. గోడ మీద అదే కాగితం ఉంది. నేను ముప్ఫై ఎనిమిది ఇళ్లకి అంటించిన కాగితం. ఇక్కడిది పెద్దది, అక్షరాలు కూడా పెద్దవి. ఒక్కొక్కటే కూడబలుక్కుని కిందదాకా చదివాను. ఆరో వరస. కొబ్బరి నీళ్లు. పక్కన బొండం బొమ్మ. దాని మీద ఎర్ర గీత.

మెళ్లో కార్డు తీసి హేమలత చేతిలో పెట్టాను. బొండాలు నేనే ఇచ్చాను, రెండు, కాగితం నేను చదవలేదు, చదివానని నీతో అబద్ధం చెప్పాను అన్నాను. అక్కడ పది మంది ఉన్నారు. అందరూ విన్నారు.

ఆ పిల్ల తిట్టలేదు. లోపలికి పరిగెత్తింది. బొండంలో పొటాషియం అనేది ఉంటుందట. మంచి కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. పాడైన కిడ్నీ పంపలేదు. అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోతుందట. ఇంజెక్షన్ చేశారు. డయాలసిస్ మీద పెట్టారు.

చర్చి పిల్లలు వరండాలో కళ్లు మూసుకుని నిలబడ్డారు. ఈ రోజు నేనూ మూసుకున్నాను. నేను మా గంగమ్మ తల్లికే చెప్పుకున్నాను. ఎవరో ఒకరు వింటారు.

సాయంత్రం 4

బతికాడు.

మే 30, శుక్రవారం

ఈ రోజు పంపించారు. రోడ్డు దగ్గర దింపి డోలీ ఎత్తాం. ఎండ ఇంకా దిగలేదు.

సగం ఇసుక దాటాక బావే మొదలుపెట్టాడు. ఆకాశంతో కాదు, నాతో. మా అరుగు గోడ మీద ఆ బొండం బొమ్మ లేచిన కాడి నుంచి నా కళ్లెదురుగానే ఉంటాది బావా, నాకు తెల్దేటి అన్నాడు.

నా కాలు ఆగిపోయింది. తెలిసి ఎందుకు తాగావని అడిగాను.

ఏడేళ్లకి సెయ్యి సాపినావు. ఒద్దంటే మళ్లా ఏడేళ్లు పడతాది నీకు. నా కాడ అన్నేళ్లు లేవు అన్నాడు. తియ్యగానే ఉన్నాది బావా, మా అమ్మ సెట్టు కదా అన్నాడు.

ముందు మోసేవాడికి వెనకవాడి మొహం కనిపించదు. బావకి కనిపించింది. తల పక్కకి తిప్పుకున్నాడు.

ఇంటికి వచ్చాక హేమలత కార్డు మళ్లీ నా మెళ్లో వేసింది. అక్కర్లేదన్నాను. కాగితాలు సదివి ఇనిపించే మనిసి కావాల తాతా, ఎవలూ సదవట్లేదు, నువ్వొక్కడివే కాదు అంది.

జూన్ 7, శనివారం

ముప్ఫై ఎనిమిది ఇళ్లూ తిరిగాను. ప్రతి ఇంట్లో కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందదాకా చదివాను. పాస్టరు కళ్లజోడు అరువు తీసుకున్నాను. ఒక్కో ఇంటికి అరగంట. ఆరో వరస దగ్గర అందరూ నవ్వుతారు. బొండం కూడానా అంటారు. మా బావ కథ చెబుతాను. తరవాత ఎవరూ నవ్వరు.

జూన్ 11, బుధవారం

చర్చి పిల్లలు వెళ్లిపోయారు. రేపు బడులు తెరుస్తారు, వాళ్లకి కాలేజీలు. క్యాన్ల వ్యాన్ వారానికి రెండు సార్లు వస్తూనే ఉంటుందట. మొయ్యాల్సింది మేమే. డోలీకి పేటలో నలుగురిని కుదిర్చాను. నడక నేర్పాను. ఇద్దరికి ఇంకా రాలేదు.

వెళ్లేటప్పుడు హేమలత నోట్‌బుక్ అడిగింది. రాశావా తాతా అంది. రాశాను అన్నాను. అబద్ధం కాదు. సూపించు అంది. ఇవ్వలేదు. పోలమ్మ ఎండు నెత్తళ్లు పొట్లం కట్టి ఇచ్చింది. ఆ పిల్ల వ్యాన్ ఎక్కి మలుపు దాకా చెయ్యి ఊపింది. నేను కావడి కర్ర ఊపాను.

ఇల్లు బోసిగా ఉంది. రాయకూడదు గాని ఉంది.

జూన్ 15, ఆదివారం

పడవలు వేటకి వెళ్లాయి.

గాలికి ఒక కాయ రాలి కంచెలో చిక్కుకుంది. అటూ పడలేదు, ఇటూ పడలేదు. ఎవరూ తియ్యలేదు.

గున్నయ్య బావ తాగిన నీళ్లు. పొద్దున్న ఒక గ్లాసు. మధ్యాహ్నం అర. సాయంత్రం ఒకటి. అంతే.