పంతొమ్మిదో కుర్చీ

మార్చి 3, సోమవారం

రికార్డు రూమ్ ఎత్తేస్తున్నారు. ఇకమీదట అందరూ హాల్లోనే కూర్చోవాలట. పదిహేడేళ్లుగా గోడకు ఎదురుగా కూర్చున్నదాన్ని. ఇక తలెత్తితే మనుషులు కనిపిస్తారు. ఇంట్లో ఎలాగూ నేనూ, గడియారమూ. విన్నప్పటి నుంచి కాలు నిలవడం లేదు.

మార్చి 5

ఎవరు ఎక్కడ కూర్చోవాలో ప్లాన్ గీసే పని మేనేజరుగారు నాకే ఇచ్చారు. ఎవరి బాధలేమిటో మీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు రికార్డమ్మగారూ, అన్నారు. ఇక్కడ నాకు అదే పేరు. టైపిస్టేమో, ఏసీ కింద వేశావంటే నీ ఫైళ్ల మీదే తుమ్ముతానక్కా, అని బెదిరించింది.

మార్చి 8, శనివారం

టేపు పట్టుకుని హాలంతా కొలిచాను. కుర్చీ వెనక్కి జరిపితే ఎవరికీ తగలకూడదు. మూడడుగులైనా వదలాలి. అకౌంటెంటుగారికి నడుం నొప్పి, ఎత్తు మార్చుకునే కుర్చీ ఆయనకు. తెర మీద వెలుతురు పడితే డ్రాఫ్ట్స్‌మన్‌కు తలపోటు, ఆయన బల్ల కిటికీకి పక్కవాటుగా వేశాను. క్లర్కులిద్దరూ ఉప్పూ నిప్పూ. మధ్యలో ప్రింటర్ పెట్టాను. ఇక దాని పాట్లు అది పడుతుంది.

ఎవరినీ మరిచిపోకూడదని, రోజూ పొద్దున ప్రార్థనలో తలుచుకునే వరసలోనే రాసుకుంటూ పోయాను. వాళ్ల కష్టాలు దేవుడికి చెప్పుకునీ చెప్పుకునీ నాకు కంఠతా వచ్చేశాయి. పద్దెనిమిది మంది. పద్దెనిమిది బల్లలు.

మార్చి 10

ప్లాన్ మీద మేనేజరుగారి సంతకం అయింది. వంక పెట్టడానికి ఏమీ లేదన్నారు.

మార్చి 24, సోమవారం

కొత్త బల్లలు వచ్చాయి. టైపిస్టు చక్రాల కుర్చీలో గిర్రున తిరిగింది. అకౌంటెంటుగారు వెనక్కి ఆనుకుని, అమ్మయ్య, నా నడుం నాకు తిరిగొచ్చింది, అన్నారు. నేను టిఫిన్ డబ్బా, కళ్లజోడు పెట్టె పట్టుకుని నిలబడ్డాను. బల్లలు రెండుసార్లు లెక్కపెట్టాను. పద్దెనిమిదే. నాతో కలిపి మనుషులం పంతొమ్మిది.

మా ఆయన కన్నుమూసినప్పటి నుంచి నా కోసం దేవుణ్ణి ఏమీ అడగలేదు. ప్రార్థనలో లేనిదాన్ని ప్లాన్‌లోకి ఎలా వస్తాను?

మీరెక్కడ కూర్చుంటారని ఎవరూ అడగలేదు. వాళ్లననడానికి లేదు. గీసింది నేనే. చప్పుడు కాకుండా రికార్డు రూమ్‌లోకి వచ్చేశాను. పాత బల్ల ఉంది. గోడ ఉంది.

మార్చి 26

మధ్యాహ్నం హాల్లో అందరూ ఒక్కసారిగా నవ్వారు. దేనికో తెలియలేదు.

మార్చి 27

టైపిస్టు వచ్చి, ఏంటక్కా, ఇంకా ఈ కొట్టులోనే ఉన్నావా, అంది. సర్దుకోవాల్సినవి ఉన్నాయమ్మా, అన్నాను. సర్దడానికి ఒక్క కాగితం కూడా లేదు. పొద్దున లేస్తే దేవుడి పేరెత్తేదాన్ని, ఎంత సులువుగా అబద్ధమాడాను.

సోమవారం నుంచి ఈ గదిలో పాత కుర్చీలు వేస్తారట. విరిగినవన్నీ.

మార్చి 28, ఉదయం 5.30

పద్దెనిమిది మంది గురించీ చెప్పుకున్నాను. లేవబోయి మళ్లీ కూర్చున్నాను.

రికార్డమ్మకు ఒక కుర్చీ, స్వామీ. గోడవైపు కాకుండా.

ఉదయం 9.10

మేనేజరుగారి తలుపు తట్టాను.