మా అమ్మ గొంతు, ముందుగది: నా తదనంతరం

ఈ వీధిలో టైలరమ్మ అంటే పలికే నేను, డెబ్బై దాటినదాన్ని, పూర్తి తెలివితో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాయించి, చదివించుకుని విని, సరేననుకున్నాక సంతకం చేస్తున్న వీలునామా ఇది. చెయ్యి కొద్దిగా వణుకుతుంది గాని సూదిలో దారం ఇప్పటికీ కళ్ళజోడు లేకుండానే ఎక్కిస్తాను. నా తెలివి మీద అనుమానం ఉన్నవాళ్ళు ముందు ఆ పని చేసి చూపించి, తర్వాత కోర్టుకు వెళ్ళవచ్చు. దీనికి ముందు నేను మరే వీలునామా రాయలేదు.

ఈ కాగితాన్ని అందరి భాషలోనే రాయిస్తున్నాను. మా అమ్మ భాషలో రాస్తే రిజిస్ట్రారు ఆఫీసులో తీసుకోరు. నా ఆస్తిలో తగువు తెచ్చేవి రెండే. ఒకటి రోడ్డు వైపు తలుపున్న ముందుగది. రెండు, యూనివర్సిటీ మేడం రికార్డు చేసిపెట్టిన మా అమ్మ గొంతు. ముందుగది అద్దెకు పోతే అక్కడ నడుస్తున్న భాష క్లాసు వీధిన పడుతుంది. మా అమ్మ భాష నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోటు ఈ భూమ్మీద ఆ గది ఒక్కటే. నేను పోయిన మర్నాడు దానికి తాళం పడకూడదని ఇదంతా.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మాటల మేడం గారిది. ఆవిడ యూనివర్సిటీలో భాషాశాస్త్రం చెబుతారు. మాటల మేడం అని పేరు పెట్టింది మా అమ్మ. ఆస్తి ఇస్తానంటే వద్దన్నారు కనుక ఈ బరువైనా మెడకు తగిలిస్తున్నాను. మోయక తప్పదు.

ఆవిడ మొదటిసారి మా గుమ్మం ముందుకు వచ్చినప్పుడు మా తమ్ముడు అడ్డంగా నిలబడ్డాడు. మా అమ్మకు ఆ భాష రాదని, మా ఇంటావంటా లేదని చెప్పి పంపించేశాడు. లోపల మంచం మీద ఉన్న మా అమ్మ అంతా వింటూ ఊరుకుంది. చిన్నప్పుడు బడిలో ఆ భాష మాట్లాడినందుకు మోకాళ్ళ మీద నిలబెట్టారట. అప్పటినుంచి నలుగురిలో దాన్ని నోట రానివ్వలేదు. మాకు నేర్పలేదు. మా నాన్న పోయాక ఇంట్లో కూడా మాట్లాడే మనిషి లేకుండా పోయాడు. కోపం పట్టలేనప్పుడు మాత్రం ఒకటో రెండో తిట్లు జారేవి. నాకు వారసత్వంగా వచ్చిన భాష అంతే, రెండు మూడు తిట్లు.

వారం తిరక్కుండా మేడం మళ్ళీ వచ్చారు, ఈసారి గుండీలు ఊడిన చొక్కా పట్టుకుని. నేను కుట్టి ఇస్తానంటే వద్దు, దారం ఇవ్వండి చాలు, నేనే కుట్టుకుంటానని మా అమ్మ పక్కన కూర్చున్నారు. గుండీ కింద కాస్త సందు వదలాలి, అక్కడ దారం నాలుగు చుట్లు చుట్టాలి, అప్పుడే గుండీ నిలుస్తుంది. ఆవిడ బట్టకు అతికించినట్టు బిగించి లాగి ముడేశారు. ఇంటి నిండా గుడ్డముక్కల మధ్య బతికిన మా అమ్మ ఎంతసేపని చూస్తుంది? చొక్కా లాక్కుని తన భాషలో దులిపి వదిలిపెట్టింది. మేడం పుస్తకం తీయలేదు, పెన్ను తీయలేదు. తిట్లన్నీ తిని, ఇంకోసారి చూపించమ్మా అన్నారు. మరుసటి శనివారం ఇంకో చొక్కా తెచ్చారు. అలా చొక్కాల మీద చొక్కాలు పాడుచేస్తూ ఒక భాషను బయటికి తీశారు. అదంతా నటనేనా అని తర్వాత ఒకసారి అడిగాను. నటనైతే బాగుండేదండీ, నాకు నిజంగానే కుట్టు రాదు అన్నారు.

రికార్డు చేసే యంత్రం బయటికి తీసింది చాలా నెలల తర్వాత, అదీ మా అమ్మను అడిగి. ఒకరోజు మా అమ్మ, నాకు ముందు పుట్టి పోయిన బిడ్డ గురించి చెప్పుకొచ్చింది. అంతా చెప్పాక, అది ఉంచొద్దంది. మేడం మా అమ్మ కళ్ళముందే చెరిపేశారు. అందులో అంతకుముందు ఎన్నడూ వినని మాటలు ఎన్నో ఉన్నాయట. ఆ సంగతి నాతో చెబుతున్నప్పుడు ఆవిడ ముఖం చూడలేకపోయాను. అయినా ఆ ఊసు మళ్ళీ మా అమ్మ దగ్గర ఎత్తలేదు. చేతికొచ్చినదాన్ని అలా వదులుకున్న చదువుకున్న మనిషిని నేను ఆవిడనొక్కరినే చూశాను. ఇది వీలునామాలో రాయాల్సిన సంగతి కాదని డాక్యుమెంట్ రైటరు గారు అంటున్నారు. రాయమన్నాను.

2. ఇంటి వెనక భాగం, అంటే పడకగది, వంటగది, మెట్ల కింది కొట్టు, నా కొడుక్కు సర్వహక్కులతో చెందుతాయి. వాడు ఫ్రిజ్‌లు బాగుచేసే సామానంతా ఎలాగూ ఆ కొట్టులోనే ఉంది. ముందుగదిని సెల్‌ఫోన్ల షాపుకు అద్దెకిద్దామని వాడు నా చెవిలో జోరీగలా పోరుతూనే ఉన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. క్లాసులో ఫ్యాను ఆగిపోతే చెప్పకుండానే వచ్చి బాగుచేసి పోతాడు. కాని ఖాళీగా ఉన్న గోడ కనబడితే వాడికి షట్టరు గుర్తొస్తుంది. అందుకే ముందుగది వాడికి కాదు.

3. మా తమ్ముడికి: మా అమ్మ తన భాషలో వాణ్ణి ముద్దుపేరుతో పిలిచిన రికార్డు ఒకటి, అది వినడానికి చిన్న పెట్టె, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు. గుమ్మంలో వాడు ఆడిన అబద్ధాన్ని నేను మర్చిపోలేదు, మర్చిపోను. మా అమ్మ భాష సంగతి ఆఫీసులో ఎవరైనా తెలుసుకుంటారేమోనని వాడు ఉద్యోగం చేసినన్నాళ్ళూ భయపడ్డాడు. ఇప్పుడు రిటైరయ్యాడు, ఇంకా భయపడుతున్నాడు. ఒరేయ్, చెవుల్లో పెట్టుకుంటే పక్కన కూర్చున్న మీ ఆవిడకు కూడా వినబడదు. విను.

4. యూనివర్సిటీలో మేడం పైఅధికారి పెద్ద ప్రొఫెసరు గారికి: మా క్లాసులో చాప మీద చివరి చోటు. మా అమ్మ పోయినప్పుడు ఆయన పలకరించడానికి వచ్చి ఈ ముందుగదిలోనే కుర్చీలో కూర్చుని, ఆఖరి మనిషి కూడా పోయింది, ఇక ఆ ఫైలు మూసేయమ్మా అన్నాడు. పేపరువాళ్ళు కూడా భాష చచ్చిపోయిందనే రాశారు. మేడం గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజూ పెంచలేదు. "చచ్చిపోలేదు సార్, పడుకుంది. లేపేవాళ్ళు కావాలి" అని మాత్రం అన్నారు. ఆ మాట విన్నాకే, క్లాసు ఇక్కడే పెట్టుకోండి అని నేను కుట్టుమిషను గోడవారకు జరిపాను. మొదట చేరినదాన్ని నేనే. మా అమ్మ భాషను మా అమ్మ దగ్గర కాకుండా పరాయి మనిషి దగ్గర అ ఆల నుంచి నేర్చుకున్నాను. అందుకు మా అమ్మ మీద కోపం ఉంది. మేడం మీద లేదు. ప్రొఫెసరు గారికి ఫీజు అక్కర్లేదు. పిల్లలు నవ్వితే మాత్రం నా పూచీ లేదు.

5. కుట్టుమిషను, దాని బల్ల, గుండీల డబ్బా, నా కత్తెరలన్నీ నా మనవరాలివి. ఎవరూ వంతు అడగకూడదు.

ఈ పిల్ల గురించీ, క్లాసు పిల్లల గురించీ కొంత చెప్పాలి. మేడం దగ్గర ఉన్నదంతా ఎనభై దాటిన ముసలమ్మ మాట. దాంతో మా పిల్లలు ఆ భాషలోకి రాగానే ముసలివాళ్ళైపోయేవారు. కూర్చునేటప్పుడు మూలిగేవారు. ఎలా ఉన్నావంటే నడుం పట్టేసిందనేవారు. పాలపళ్ళు ఊడుతున్న నా మనవరాలు ఈ కాలం పిల్లలకు భయం లేదని నిట్టూర్చేది. నేను కడుపు పట్టుకుని నవ్వేదాన్ని గాని మేడం కుదేలైపోయారు. మా అమ్మను చిన్నపిల్లల మాటలు అడగలేదే అని తలకొట్టుకున్నారు. మావాళ్ళ ఊళ్ళు తిరిగిన ఎవరో భాషల సర్వేవాళ్ళ పాత కాగితాలు తెప్పించి, అందులో తల్లులు పిల్లల్ని ఆడించే మాటలు దొరుకుతాయేమోనని సెలవలన్నీ దానికే తగలేశారు. నాలుగు మాటలు దొరికాయి. ఆ నాలుగింటినీ క్లాసులో చెప్పిన రోజు ఆవిడ ముఖం వెలిగిపోయింది. తర్వాత పిల్లలే సొంతంగా కల్పించుకోవడం మొదలుపెట్టారు. సబ్బు బుడగకు నా మనవరాలు ఒక మాట కట్టింది. మేడం దాన్ని నిఘంటువులో చేర్చి, చెప్పినవారు అన్నచోట పిల్ల పేరు రాశారు. ఇంత మర్యాద నాకు ఏ బడిలోనూ దక్కలేదు.

6. ఇక మా అమ్మ గొంతు. ఆ రికార్డుల మీద హక్కు, ఎవరు వినాలో ఎవరు వినకూడదో చెప్పే అధికారం మేడం గారికే రాసిద్దామనుకున్నాను. చొక్కాలు పాడుచేసుకున్నది ఆవిడ. శనివారాలన్నీ ధారపోసింది ఆవిడ. అడిగితే చేతులు జోడించి వద్దన్నారు. "నా పేరు మీద పెడితే ఇది నా భాష అయిపోతుందండీ. రేపు నేనే తప్పు చేస్తే నన్ను ఆపే మనిషి మీ ఇంట్లో ఉండాలి" అన్నారు. ఆపే మనిషి ఎవరా అని చాలాకాలం ఆలోచించాను. కొడుకు వినడు. తమ్ముడు ఒప్పుకోడు. మనవరాలు చిన్నది. నా తర్వాత ఇది ఎవరి చేతిలో పెట్టాలో తెలియక అన్నం సయించేది కాదు.

7. పై కారణాలవల్ల ముందుగదినీ, మా అమ్మ గొంతు మీద నాకున్న హక్కంతటినీ నా కోడలికి, ఆమె ఒక్కదాని పేరు మీద రాస్తున్నాను. నా కొడుకు కుడి ఎడమల ఏ పక్కనుంచీ ఇందులో వేలు పెట్టకూడదు. క్లాసుకు ఒక్క మనిషి వచ్చినా గది క్లాసుదే. ఎవరూ రాని రోజున ఆమె ఇష్టం.

అందరూ నోరు వెళ్ళబెడతారని తెలుసు. ఆ పిల్లకూ నాకూ క్షణం పడదని వీధి వీధంతటికీ తెలుసు. పైగా ఆమె మావాళ్ళ పిల్ల కాదు. క్లాసులో ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చోమని నేనూ అనలేదు. వంటగదికీ ముందుగదికీ మధ్య ఉన్నది చెక్కగోడ. అవతల మేడం చెబుతుంటే ఇవతల ఈమె కూరలు తరుగుతూ వింటోందని మాకెవరికీ తట్టలేదు.

పోయిన ఏడాది ఒక శనివారం, క్లాసు మధ్యలో దారం కోసం వంటగదిలోకి వెళ్ళేసరికి నా బట్టల కత్తెరతో పాలప్యాకెట్ కత్తిరిస్తోంది. బట్టల కత్తెర బట్టకు తప్ప దేనికీ పెట్టకూడదు, పెడితే పదును చచ్చిపోతుంది. నాకు ఒళ్ళు మండిపోయి, మా అమ్మ నోటి తిట్లన్నీ మా అమ్మ భాషలోనే వరసగా వచ్చేశాయి. ఆమె తొణకలేదు. పాలు గిన్నెలో పోసి, నావైపు తిరిగి, అదే భాషలో అంది: "కత్తెర ప్రాణం పోయిందా అత్తయ్యా? పోతే చెప్పండి, వంటయ్యాక పాతిపెట్టి వస్తాను."

ఒక్క అక్షరం తప్పులేదు. నేను ఒకటంటే తను రెండంది. ముందుగదిలో పిల్లలు చాపమీంచి లేచి గుమ్మంలో గుంపుకట్టారు. చాలాసేపటికి గాని మేము ఏ భాషలో పోట్లాడుకుంటున్నామో నాకు స్ఫురించలేదు. తలెత్తి చూస్తే పిల్లల వెనక మేడం నిలబడి ఉన్నారు. బొటబొటా ఏడుస్తున్నారు. యంత్రం బల్లమీదే ఉంది, దాని మీట నొక్కాలని కూడా ఆవిడకు తోచలేదు. "అమ్మగారు నన్ను ఎన్నోసార్లు తిట్టారండీ. ఎదురు చెప్పేంత భాష నాకెప్పుడూ రాలేదు. పాఠం కోసం కాకుండా ఈ భాషలో ఇద్దరు మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి వినడం" అన్నారు. మాకిద్దరికీ సిగ్గేసింది. కోడలు టీ పెట్టింది.

అప్పుడు నాకు మనిషి దొరికింది. నాకే ఎదురు చెప్పినది ఎవరికైనా చెబుతుంది. మేడం గారికి వద్దని చెప్పాల్సొస్తే చెబుతుంది. అమ్మాయ్, ఇది పొగడ్తే. ఇన్నేళ్ళలో నీ ముఖం మీద ఒకసారైనా చెప్పాల్సిన మాట, కాగితం మీద చెబుతున్నాను. కత్తెర మాత్రం నీకు ఇవ్వను, ఐదో పేరా చూసుకో.

8. ఆఖరిది ఆస్తి కాదు, పని. ఇదీ నా కోడలికే.

మా అమ్మ పోయిన రోజు మేమంతా అందరి భాషలోనే ఏడ్చాం. అప్పటికి మాకు వేరే రాదు. మావాళ్ళు పోయినవాళ్ళను ఏమని పిలిచి ఏడ్చేవారో మేడం మా అమ్మను ఒకసారి అడిగారు. ఇంట్లో మనిషి పోకుండా ఊరికే ఆ మాటలు నోట అనకూడదంది మా అమ్మ. మేడం తలవంచి అక్కడితో వదిలేశారు. పాత కాగితాల్లోనూ అవి లేవు. నిఘంటువులో ఆ చోటు ఖాళీగానే ఉంచారు.

కాబట్టి నేను పోయిన రోజున, అమ్మాయ్, నువ్వు ఏడవాలి. మా అమ్మ భాషలో, బయటికి వినబడేలా, పిల్లలందరి ముందూ. ఏం మాటలనాలో నాకు తెలియదు, మేడం గారికీ తెలియదు. నీకు ఏది వస్తే అది అను. మేడం యంత్రం తెస్తే ఉంచాలో వద్దో నువ్వే చెప్పు. తప్పుపోతుందేమోనని భయపడకు. దిద్దేవాళ్ళు ఎవరూ లేరు.

రెండువేల ఇరవై మూడు, సెప్టెంబరు పదహారు, శనివారం, ముందుగదిలో.

సంతకం: టైలరమ్మ

ఆమె సంతకం చేయగా చూసి, ఆమె ఎదుటే సంతకం చేసిన సాక్షులు:
ఎదురింటి కంపౌండరు
వీధి మలుపులో తాళంచెవులు చేసే ఆయన

రాసినది: డాక్యుమెంట్ రైటరు (వద్దన్నవి కూడా ఆమె చెప్పిన ప్రకారమే రాయడమైనది)