ఇసుక బస్తా నెత్తిన అమ్మ టోపీ

కోనీ ఐలండ్, మే 1907

అమ్మా, కంగారుపడకు, నా ఉద్యోగం నిలబడింది! మా పార్కులో కొత్త రోలర్ కోస్టర్ ఎక్కడానికి వారంగా ఒక్కడికీ గుండె చాల్లేదు. ఆదివారం లోపల జనం ఎక్కకపోతే అందరూ ఇళ్లకు పొండన్నాడు యజమాని క్రూగర్. రోజూ ముందు ఇసుక బస్తాలతో తిప్పి చూస్తాం కదా, నిన్న ఒక బస్తాకు నీ నల్ల టోపీ పెట్టి, శాలువా కప్పి, ముందు పెట్టెలో కూర్చోబెట్టాను. దూరానికి అచ్చం నువ్వే! "ముసలమ్మే కిక్కురుమనలేదు, మీకేం రోగంరా మగాళ్లూ!" అని అరిచాను. ఇక పొద్దుగూకేదాకా వరస తెగలేదు!

టోపీ పోయిందని పక్కింటి ఫీనీ పిన్నిని తిట్టకు, తెచ్చింది నేనే. నీ మోకాళ్లెలా ఉన్నాయి? ఈ ఆదివారం పత్రికలవాళ్లు వస్తారట. "ఆ ధైర్యవంతురాల్ని తీసుకురారా కోనర్" అన్నాడు క్రూగర్. మా అమ్మేనని చెప్పేశాను. శనివారం రైలెక్కు. ఇక్కడ కోస్టర్ ఎక్కాక మాత్రం కేకలు పెట్టకు, బస్తా పెట్టలేదు.

చెల్లి పిల్లలకు ముద్దులు.

నీ కోనర్