ముప్ఫై ఆరు పళ్లు

3వ తేదీ, సోమవారం. సాయంత్రం 5:30
ఈ నెలలో అప్పుడే రెండు లేట్లు. మూడోది పడితే పని పోయినట్టేనని సూపర్‌వైజర్ అందరి ముందూ అన్నాడు. వాడికేం, కారుంది. నాది పన్నెండేళ్ల బండి. సరే, ఇక లేటన్నదే లేదు! వెనక చక్రానికున్న స్ప్రాకెట్, అదే చైను తిరిగే పళ్ల చక్రం, నలభై రెండు పళ్లది పీకేసి ముప్ఫై ఆరుది బిగించా. పళ్లు తగ్గితే స్పీడు పెరుగుతుంది. ఎవడూ నేర్పలేదు, నేనే లెక్కేశా. చైను వదులైతే రెండు లింకులు తెంచి పారేశా. మెకానిక్ గడప తొక్కేది లేదు.

4, మంగళవారం. 7:51
ఎనభై ఐదు! ఎన్నడూ డెబ్బై దాటని బండి. వాచ్‌మన్ ఇంకా ఫ్యాక్టరీ గేటు తాళం తీయలేదు. త్వరగా తియ్యమని నేనే కసిరా.

5, బుధవారం
అక్కకి ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ. నా వెనక ఎక్కింది. వంతెన ఎక్కుతుంటే మొదటి గేరులో కూడా బండి మూలిగింది. అక్క దిగింది. నడిచింది. నన్ను దాటేసింది. పైన నిలబడి, "నాకు టైమవుతోంది, నువ్వు మెల్లగా రారా" అంది. పక్కనే పోతున్న బస్సులోవాళ్లంతా చూశారు. బండి తప్పేం లేదు. ఎదురుగాలి.

6, గురువారం
అక్కని బస్సెక్కమన్నా. అలిగింది. దూరం నుంచే ఊపందుకుని వంతెన మీదకి వచ్చా. ముందు సిమెంటు లారీ! ఊపు పోయింది. క్లచ్ కాలిన కంపు. తోసుకుంటూ ఎక్కా. ఎనిమిదికి ఒక్క నిమిషం మిగిలుండగా గేటు దాటా.

7, శుక్రవారం. సాయంత్రం
పాత నలభై రెండే పెడదామని కూర్చున్నా. ఓడిపోయి కాదు, అక్క కోసం.
చైను అందలేదు. రెండు లింకులు తక్కువ. తాడుతో కడితే ఎలా ఉంటుందని ఓ క్షణం ఆలోచించిన మాట నిజం.
బండి తోసుకుంటూ మెకానిక్ దగ్గరికే వెళ్లా. అతను చైను ఓసారి చూశాడు. ఓ డబ్బా తెరిచి చూపించాడు. నిండా తెగిన లింకులే.
"అందరూ ఇదే లెక్క వేసుకొస్తారు తమ్ముడూ. వీటిలో నీ చైనుకి పట్టేవి లేవు. బండి ఉంచి రేపు సాయంత్రం రా."

8, శనివారం
బస్సే గతి. నేను లేచేసరికి మొదటి బస్సు పోయింది. నాలుగు నిమిషాలు లేటు. మూడోది!
పాత ప్రెస్సు మిషను నేను తప్ప ఎవరు తిప్పినా మొరాయిస్తుంది. అందుకే బతికిపోయా.
"సోమవారం ఎనిమిదికి నువ్వైనా ఉండాలి, నీ చోట ఇంకొకడైనా ఉండాలి" అన్నాడు సూపర్‌వైజర్. ఈసారి అరవలేదు. దానికే భయమేసింది.

9, ఆదివారం. ఉదయం 10:40
ఇప్పుడే లేచా.
నిన్న మెకానిక్ కొత్త చైను వేశాడు, పాత నలభై రెండుతోనే. బాగానే ఉంది. కానీ ఆలోచించా. వెనక నలభై ఆరు వేస్తే? పళ్లు పెరిగితే లాగే బలం పెరుగుతుంది. అక్కనేంటి, అక్క వార్డు మొత్తాన్నీ ఎక్కించుకుని వంతెన ఎక్కేస్తుంది! చైను చాలదు. రెండు లింకులు కలుపుతా. అంతే. నా చేత్తోనే.
స్పీడు తగ్గుతుంది అంది అక్క. తగ్గనీ. రేపట్నుంచి అయిదింటికే లేస్తా.