ఎర్ర జమానా, పసుపు జమానా

3 జూన్ 1969, మంగళవారం

మా ఇంట్లో నన్ను అర్థం చేసుకునేవాళ్లు లేరని నాకు ఎప్పుడో తెలుసు. తప్పుగా అర్థం చేసుకోవడానికి మాత్రం ఇంత ఓపిక ఉందని ఇవాళే తెలిసింది. అమ్మ నా హ్యాండ్‌బ్యాగ్ వెతికింది. ఒక కాగితం దొరికింది. ‘విద్యాసాగర్. ఎడమ కాలు. 1957లో అందరూ ఏడ్చారు’ అని నా చేతిరాత. అంతే, మధ్యాహ్నం నుంచి అన్నం ముట్టలేదు. ఎవడే వీడు, కుంటివాడా, ఏమిటోళ్లు, ఎన్నాళ్లుగా సాగుతోంది అని ఒకటే ఆరా. 1957లో నాకు పదేళ్లమ్మా అన్నాను. అయితే అప్పటి నుంచీనా అని గుండె మీద చెయ్యి వేసుకుంది.

విద్యాసాగర్ గారు ఒకప్పుడు ఆజాద్ ఫుట్‌బాల్ క్లబ్ గోల్‌కీపర్. ఇప్పుడు నలభై దాటాయి, నలుగురు పిల్లలు, బొజ్జ. 1957లో మ్యాచ్ మధ్యలో ఆయన ఎడమ కాలు విరిగింది, చిక్కడపల్లి చిక్కడపల్లంతా ఏడ్చింది. నేను రాసుకున్నది అదీ. చెప్తే అమ్మ నమ్మలేదు. ఆడపిల్లకి ఫుట్‌బాల్ ఏమిటే, అబద్ధమైనా కాస్త అతికేలా చెప్పు అంది.

నాన్న సెక్రటేరియట్ నుంచి రాగానే కేసు ఆయన ముందుకు వెళ్లింది. ఆయన బూట్లు విప్పుకుంటూ విన్నారు. ఊళ్లో ఆంధ్రావాళ్ల మీద గొడవలు ఇప్పట్లో చల్లారేలా లేవు, మా ఆఫీసులో చాలామంది ఇంట్లో ఆడవాళ్లని ఊళ్లకి పంపించేస్తున్నారు, నువ్వూ రత్నమాలా ఒక ఏడాది బెజవాడలో మీ చెల్లెలి దగ్గర ఉండండి అన్నారు. ఊరి గొడవకీ, లేని ప్రేమకీ కలిపి ఒకటే మందు. నన్ను ఎవరూ అడగలేదు.

4 జూన్

కర్ఫ్యూ. రోజంతా కిటికీ.

7 జూన్, శనివారం

ఇది నాకోసం రాసుకుంటున్నాను, మర్చిపోకుండా.

బి.ఏ. అయ్యాక ఏం చెయ్యాలో తెలియక చిక్కడపల్లిలో టైపు నేర్చుకుంటున్నాను. ఇన్‌స్టిట్యూట్ మేడ మీద. కింద రేకుల గది ఆజాద్ క్లబ్. వాళ్ల సెక్రటరీ సూర్యప్రకాశరావు గారు మార్చిలో ట్రాన్స్‌ఫర్ మీద గుంటూరు వెళ్లిపోయారు. ఉత్తరాలన్నీ రాసేది ఆయనే. ఏప్రిల్‌లో ఒకరోజు బాలప్పగారు మెట్లెక్కి వచ్చాడు. సైకిల్ షాపు ఆయన. చేతికి ట్యూబు సొల్యూషన్ అంటుకుని ఉంది. అమ్మా, జర ఇంగ్లీషుల ఒక చిట్టీ కొట్టిస్తవా, లీగు ఆఫీసోళ్లకు మన తెలుగు కంట్లె నలక తీరుగ అయితది అన్నాడు. టైపు చేసి సంతకం కోసం కిందికి దిగాను. గదిలో ఏడెనిమిది మంది ఒక గోల్ ఆఫ్‌సైడా కాదా అని మెడ నరాలు ఉబ్బేలా అరుచుకుంటున్నారు. ఆ మ్యాచ్ పొద్దున జరిగిందనుకున్నాను. పదహారేళ్ల కిందటిదట.

పక్క మంగలి షాపు నుంచి నాకొక కుర్చీ తెచ్చి వేశారు. రెండు గంటలు కూర్చున్నాను. అప్పటి నుంచి రోజూ కూర్చుంటున్నాను. ఆ కుర్చీ ఇప్పుడు నాది. మంగలి షాపుకి వచ్చినవాళ్లు నుంచునే ఎదురుచూస్తారు.

ఆజాద్ క్లబ్ ఆడేది బి డివిజన్. కొత్త షర్టులు కొనే స్తోమత వాళ్లకి ఇప్పుడు లేదు. రంగు వెలిస్తే ఉన్నవాటికే అద్దకం వేయిస్తారు. షర్టుల రంగులతోనే వీళ్లు కాలాన్ని కొలుస్తారు. పసుపు జమానా అంటే ఉత్తి కాళ్లతో ఆడిన రోజులు, 1949 నుంచి. ఎర్ర జమానా 1954 నుంచి. బూట్లు వచ్చాయి, ఎ డివిజన్‌కి ఎక్కారు, విద్యాసాగర్ గారి కాలు విరిగింది, దిగిపోయారు. తర్వాతది నీలి జమానా, ఇప్పటిదాకా. దాని గురించి ఎవరూ కొట్లాడుకోరు.

పసుపు వాళ్లు గోడవారగా కూర్చుంటారు, ఎర్ర వాళ్లు గుమ్మం మెట్ల మీద. టీలు కూడా వేరే. బాలప్పగారు పసుపు. అప్పట్లో లెఫ్ట్ అవుట్, ఎడమ అంచున పరుగెత్తే ఆటగాడు. మాకు బూట్లు యాడివి, ఉత్త కాళ్లతోటి ఆడినం, మీ ఎర్రోళ్లు బూట్లేసుకున్నంక బాల్‌ను తన్నుడు బంద్ వెట్టి మనుషులను తన్నిన్రు అంటాడు. ఎర్ర వాళ్లకి మాసయ్యగారు పెద్ద. మేస్త్రీ. పాలమూరు నుంచి గోడలు కట్టడానికి వచ్చి ఒక ఆదివారం గ్రౌండ్ పక్కన ఆగిపోయిన మనిషి. ఆయన ఎప్పుడూ ఆడలేదు, కానీ ఎర్ర జమానాలో ప్రతి గోల్ ఏ కాలితో పడిందో చెప్తాడు. మీరు ఉత్త కాళ్లతోటి ఆడుడు గాదు, ఉత్త నోటితోటి ఆడిన్రు అని మెట్ల మీద నుంచే జవాబు.

వీళ్లు చెప్పేదంతా నేను నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నాను. ఎందుకో తెలియదు. మేం గుడివాడ నుంచి వచ్చి పన్నెండేళ్లు దాటింది. ఈ ఊళ్లో నాకు గుర్తున్నవన్నీ బస్ నంబర్లే. కొట్లాడుకోవడానికి ఒక జ్ఞాపకం ఉండటం ఎంత బావుంటుందో వీళ్లని చూశాకే తెలిసింది.

10 జూన్, రాత్రి భోజనాలయ్యాక

మాసయ్యగారు ఇవాళ మా ఇల్లు ఎక్కడని అడిగాడు. అశోక్‌నగర్, జగన్నాథరావు గారి అమ్మాయిని అన్నాను. లేచి నుంచున్నాడు. గొడుగు సార్ బిడ్డవా నువ్వు, గిన్నొద్దులు చెప్పకపోతివి అన్నాడు.

మా నాన్న! ఎర్ర జమానా మనిషి! కొత్తగా వచ్చిన ఏడాది, ఊళ్లో ఒక్క మొహం తెలియని రోజుల్లో, ప్రతి ఆదివారం నల్ల గొడుగు వేసుకుని వచ్చి మెట్ల వాళ్లతో నుంచునేవారట. ఎ డివిజన్‌కి ఎక్కించిన గోల్ పడగానే ఆ గొడుగుతో మాసయ్యగారి వీపు వాయించేశారట. మూడు కమ్ములు విరిగాయట. మర్నాడు ఈయనే బాగు చేయించి మా ఇంటికి పట్టుకొచ్చాడట. గోల్‌ని ఎడమ కాలితో కొట్టిండు బిడ్డా, బాల్ గట్ల వంకర పోయింది అని చేత్తో గాలిలో గీసి చూపించాడు.

తర్వాత గొంతు తగ్గించి, సార్ ఎట్లున్నడు, జనవరి సంది అవతలి స్టాపుల బస్సెక్కుతుండు, మేమేమన్న అన్నమా అని అడిగాడు. 

భోజనాల దగ్గర, ఎవరితోనూ కానట్టు, ఎ డివిజన్‌కి ఎక్కించిన గోల్ ఎడమ కాలితో కొట్టారట అన్నాను. నాన్న తలెత్తలేదు. కాలితో కాదు, తలతో కొట్టాడు అన్నారు. వెంటనే అదే గొంతుతో చారు వెయ్యమన్నారు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

12 జూన్

టిక్కెట్లు వచ్చాయి. ఇరవై ఎనిమిది, శనివారం. అమ్మకి, నాకు.

16 జూన్, సోమవారం

క్లబ్ పోయేలా ఉంది.

లీగ్ ఆఫీసు నుంచి రిజిస్ట్రేషన్ ఫామ్ వచ్చింది. ముప్పయ్యో తారీఖులోగా ఇవ్వకపోతే పేరు కొట్టేస్తారు. ఫామ్ వచ్చి మూడు వారాలయింది! మరి ఇన్నాళ్లూ ఏం చేశారని అడిగితే ఫామ్ నా ముందుకు తోశారు. విషయమేమిటంటే మూడో కాలమ్‌లో ‘స్థాపించిన సంవత్సరం’ అని ఉంది. బాలప్పగారు 1949 అంటాడు. మాసయ్యగారు 1954 అంటాడు. అంతకుముందుది క్లబ్బేడిది, గల్లీ పోరగాళ్ల గుంపు, దుకాణం సేటు కొత్త బట్ట ఇచ్చి ఎర్ర షర్టులు కుట్టించినంకనే క్లబ్బయ్యింది అని ఆయన వాదన. అట్లయితే మేం అయిదేండ్లు ఏం జేసినం, గోలీలు ఆడినమా అని బాలప్పగారు. పై రెండు కాలమ్‌లు నింపి అక్కడ ఆగిపోయారు. మూడు వారాలు!

ఇప్పటి టీమ్ కెప్టెన్ బుగ్గయ్య ప్రెస్‌లో కంపోజిటర్. పాపం, మంచివాడు. వీళ్ల ముందు నోరెత్తడు, ఎత్తితే నీలి జమానా వాళ్లకు మాటలు గూడ వచ్చునా అంటారు. వీళ్లు పాత మ్యాచులాడుకుంట కూసుంటే మేం కొత్త మ్యాచులు ఎన్నడాడాలె అక్కా అన్నాడు నాతో, మెట్లు దిగుతూ.

నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ నేనూ నోట్‌బుక్ పట్టుకుని వాళ్లని ఎగదోస్తూనే ఉన్నాను కదా.

20 జూన్, శుక్రవారం, సాయంత్రం ఆరు

ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చి రాస్తున్నాను.

కుర్రాళ్లు ఈసారి ఆకుపచ్చ అడిగారు. షర్టులు ఎంకమ్మకి ఇచ్చారు. మొదటి నుంచీ అద్దకం, కుట్టుపని ఆవిడే. కాలర్లు నలిగిపోయాయి కాబట్టి విప్పి తిప్పి కుడతానంది. ఇవాళ గది గుమ్మంలో కూర్చుని ఆ పని పెట్టుకుంది. లోపల మామూలే, నలభై తొమ్మిదీ, యాభై నాలుగూ.

నేను ఆవిడ చేతులు చూస్తున్నాను. బ్లేడుతో ఒక కాలర్ విప్పింది. బయట నీలం. మడత విప్పితే కుట్టు పక్కన ఎరుపు. ఇంకా లోపల, దారం బిగుతుగా పట్టి రంగు అందని చోట, వేలెడు వెడల్పున పసుపు.

నేను అరిచాననుకుంటాను. అందరూ వచ్చి మూగారు. మాసయ్యగారు కాలర్‌ని కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. ఇది సేటిచ్చిన బట్టనే గదా అన్నాడు. ఎంకమ్మ పళ్ల మధ్య నుంచి దారం తీసి చెప్పింది. సేటు బట్ట ఇచ్చుడేంది, సేటు ఇచ్చింది రెండు రంగు పొట్లాలు, పసుపు మీదనే ఎరుపు ఎక్కిచ్చిన, ఎరుపు మీద నీలం ఎక్కిచ్చిన, చినిగినయి చినగంగ ఈ నాలుగు అప్పటియే అంది. మరి గిన్నేండ్లు చెప్పవేందే అని బాలప్పగారు అరిస్తే, నన్ను ఎవరన్న అడిగిన్రా, రంగు ఎయ్యమంటిరి ఏస్తి, మీ లొల్లిల నా మాట ఎవనికి ఇనవడ్తది అంది.

 ఆ కాలర్‌ని మాసయ్యగారు మోకాలి మీద పెట్టుకుని బొటనవేలితో ఇస్త్రీ చేసినట్టు రుద్దుతూ కూర్చున్నాడు. చివరికి నలభై తొమ్మిది రాసుకో బిడ్డా అన్నాడు. బాలప్పగారు గెలిచినందుకు ఎగురుతాడనుకున్నాను. ఆయన వెళ్లి మెట్ల మీద మాసయ్యగారి పక్కన కూర్చుని, ఎ డివిజన్‌కు ఎక్కిచ్చింది మాత్రం మీరే లేవయ్యా అన్నాడు. ఒకటే కెటిల్‌లో టీ తెప్పించారు.

రెండు నిమిషాల తర్వాత ఆ ఆఫ్‌సైడ్ గురించి మళ్లీ మొదలు.

21 జూన్

మూడో కాలమ్ నిండింది. ఆరోది మిగిలింది. సెక్రటరీ పేరు, నగరంలో చిరునామా. ప్రతి నెలా లీగ్ మీటింగ్‌కి హాజరవ్వాలి, ఇంగ్లీషులో జవాబులు రాయాలి. పసుపు మనిషిని పెడితే ఎర్ర వాళ్లు ఒప్పుకోరు, ఎర్ర మనిషిని పెడితే పసుపు వాళ్లు. అందరూ కలిసి నా వైపు చూశారు.

నువ్వు ఏ జమానా మనిషివి గాదు, గందుకే నువ్వే ఉండాలె అన్నాడు బాలప్పగారు. బుగ్గయ్య నసిగాడు. ఆడపిల్ల, పైంగ ఆంధ్రా, ఈ రోజులల్ల లీగ్ ఆఫీసుల నవ్వుతరేమో అన్నాడు. నవ్వనియ్యి, పోయినేడు ఆరు గోల్స్ తిన్ననాడు నవ్వలేదా, సచ్చినమా అన్నాడు మాసయ్యగారు. బుగ్గయ్యే ముందు నవ్వేశాడు.

నేను నవ్వలేదు. నాకు ఇరవై ఎనిమిదిన బండి ఉందని వాళ్లకి చెప్పలేదు.

25 జూన్, బుధవారం

చెప్పాను. ఇంట్లో కాదు, క్లబ్‌లో. ఎవరూ ఉండమని అడగలేదు. మాసయ్యగారు మాత్రం పోయి పైలంగ ఉండు బిడ్డా, ఆ బుక్కు మాత్రం మాకిచ్చిపో, మేం పోయినంక గివన్ని ఎవరికి యాదికుంటయి అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. అంతా అయిపోయినట్టు! గ్రౌండ్‌లో కుర్రాళ్లు ఇంకా పరుగెడుతున్నారు. బుగ్గయ్య కార్నర్ కొడితే బంతి గోడ అవతల పడింది. చాలా ఘోరంగా ఆడుతున్నారు. నాకు వాళ్లు గెలవాలని ఉంది. ఇప్పుడు, నేను చూస్తుండగా. విన్న గోల్స్ చాలు.

ఇంటికొచ్చి, నేను ఇక్కడే ఉంటానని నాన్నతో అన్నాను. ఒక ఫుట్‌బాల్ క్లబ్ కోసం మా మాట కాదంటావా అన్నారు. మీరు ఈ ఊరికి వచ్చినప్పుడు మీతో ముందు మాట్లాడింది ఎవరు నాన్నా అని అడిగాను. మీరు ఎందుకు స్టాప్ మార్చారో మాసయ్యగారు అడుగుతున్నారు, ఏం చెప్పమంటారు అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకోలేదు. అమ్మ వంటింట్లోంచి, ఇంతకీ ఆ విద్యాసాగర్‌కి నిజంగా నలుగురు పిల్లలేనా అంది.

ట్రంకుపెట్టెలో నా చీరలు సర్దేసి ఉన్నాయి.

27 జూన్, శుక్రవారం

ఫామ్ ఇచ్చి వచ్చాను. ఆరో కాలమ్: కుమారి రత్నమాల, బి.ఏ., అశోక్‌నగర్, హైదరాబాద్.

పెట్టెలోంచి నా చీరలు తీసేశాను. అమ్మ వెళ్తే వెళ్తుంది, ఉంటే ఉంటుంది. నేను బెజవాడ వెళ్లను.